బోల్టుల సంగతి తర్వాత, ముందు ట్యాంకులో ఏముందో చూడు

ప్రశ్న: అన్నా, నేను టెక్సాస్‌లో, డాలస్ దగ్గర ప్లేనోలో ఉంటాను. 2006 మోడల్ మిత్సుబిషి ఎవో 9 సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. పాత ఓనరే పెద్ద టర్బో వేయించాడు. 93 ఆక్టేన్ పెట్రోల్ మీద 22 పీఎస్ఐ బూస్ట్‌తో (టర్బో ఇంజిన్‌లోకి అదనంగా కుక్కే గాలి ఒత్తిడి) ఏ గొడవా లేకుండా తిరిగాను. పోయిన ఆగస్టులో ఈ85కి, అంటే ఇథనాల్ ఎక్కువ కలిపిన ఇంధనానికి, మార్పించి 30 పీఎస్ఐకి ట్యూన్ చేయించాను. డిసెంబరు నుంచి రెండు మూడుసార్లు గట్టిగా తొక్కితే చాలు, ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్లు, అదే కూలెంట్, ఓవర్‌ఫ్లో డబ్బాలోకి ఎగదన్నుతోంది. మెల్లగా నడిపితే ఏమీ లేదు. తెల్ల పొగ లేదు, ఆయిల్ శుభ్రంగానే ఉంది. ఇంజిన్ బ్లాకు మీద మూతలా కూర్చునే హెడ్డుని పట్టి ఉంచే బోల్టులు సాగిపోయాయి, ఏఆర్‌పీ కంపెనీ స్టడ్లు (బ్లాకులోకి దిగి, పైన నట్టుతో బిగించే కడ్డీలు) వేద్దాం అంటున్నారు షాపులో. ఎల్19 రకం అయితే ఇంకా మంచిదట. హెడ్డు దించకుండానే ఒక్కో బోల్టు తీసి ఒక్కో స్టడ్డు వేసుకోవచ్చని ఒక ఫ్రెండ్ అంటున్నాడు. ఏ రకం కొనాలి? ఎంత టార్క్ పెట్టాలి? ఇంకో మాట, ఫిబ్రవరిలో మా అత్తగారు, మామగారు వస్తున్నారు. ఎయిర్‌పోర్టుకి ఈ కారు తీసుకెళ్లొచ్చా?

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరంలో నువ్వు మాటవరసకి రాసిన రెండు నెలల పేర్లే ముందు నా కంట్లో పడ్డాయి. ట్యూన్ ఆగస్టులో. నీళ్లు తన్నడం డిసెంబరులో. 30 పీఎస్ఐకే బోల్టులు సాగిపోయేట్టయితే సెప్టెంబరులోనే తెలియాలి కదా. మూడు నాలుగు నెలలు మోసిన బోల్టులు చలి రాగానే ఎందుకు చేతులెత్తేశాయి?

అమెరికా బంకుల్లో ఈ85 అని బోర్డు ఉంటుంది గానీ అందులో 85 శాతం ఇథనాల్ ఉండి తీరాలని లేదు. అక్కడి ప్రమాణం ప్రకారం 51 నుంచి 83 శాతం మధ్య ఎంతున్నా అది ఈ85 కిందే అమ్ముతారు. ఇథనాల్ చలిలో సరిగ్గా ఆవిరి కాదు, ఇంజిన్ స్టార్ట్ కాక మొరాయిస్తుంది. అందుకని చలికాలం వచ్చేసరికి పెట్రోల్ పాలు పెంచి ఇథనాల్ తగ్గిస్తారు. ఫ్లెక్స్ ఫ్యూయల్ అని వచ్చే కార్లు ఈ తేడాకి తగ్గట్టు వాటంతట అవే సర్దుకుంటాయి. నీ ఎవోకి ఫ్యాక్టరీ నుంచి ఆ ఏర్పాటు లేదు. ఆగస్టు ఇంధనం చూసి ట్యూనర్ ఇచ్చిన ఇగ్నిషన్ టైమింగే (స్పార్క్ ఎప్పుడు పడాలన్న లెక్క) ఇప్పుడూ నడుస్తోంది. ఇథనాల్ తగ్గితే నాకింగ్‌ని (మిశ్రమం తనంతట తానే పేలడాన్ని) తట్టుకునే శక్తి తగ్గుతుంది. టైమింగ్ మాత్రం దానికి తగ్గట్టు ముందే తగ్గదు.

కాబట్టి స్టడ్లకి ఆర్డర్ పెట్టకముందు ఈ వారాంతంలో ఒక చిన్న పని చెయ్యి. ఇథనాల్ టెస్టర్ అని గీతలున్న గాజు గొట్టం దొరుకుతుంది. కింది గీతదాకా నీళ్లు పొయ్యి. పై గీతదాకా నువ్వు కొట్టించిన ఈ85 పొయ్యి. మూత పెట్టి బాగా కుదిపి పక్కన పెట్టు. ఇథనాల్‌కి పెట్రోల్ కంటే నీళ్లంటేనే ఇష్టం, దిగి నీళ్లలో కలిసిపోతుంది. కాసేపటికి గొట్టంలో రెండు పొరలు విడివిడిగా తేలతాయి. కింది పొర ఎంత పైకి వచ్చిందో ఆ గీత దగ్గరున్న అంకె చదువు, అదే ఇథనాల్ శాతం. 80 దరిదాపుల్లో ఉంటే నా అనుమానం తప్పు, షాపువాళ్ల మాటకి బలం వచ్చినట్టే. 60, 65 కనపడితే మాత్రం ఆ కారుని మళ్లీ 30 పీఎస్ఐకి తొక్కకు. ట్యూనర్‌కి ఫోన్ చేసి బూస్ట్ దింపించు. డిసెంబరు నాటి ఇంజిన్ కంప్యూటర్ రికార్డులు ఉంటే వాటినీ పంపు, నాక్ సెన్సార్ ఏమని మొత్తుకుందో ఆయనకి కనపడుతుంది.

రేడియేటర్ మూత కూడా మార్చు. నవ్వకు. స్ప్రింగ్ చచ్చిన మూత వల్ల నీళ్లు పొంగితే హెడ్డు దించినవాళ్లని చూశాను.

ఇక హెడ్డు నిజంగా లేస్తోందా అన్నది. నీలం ద్రవం టెస్ట్ నీకు తెలిసే ఉంటుంది. రేడియేటర్ మూతి దగ్గర గాలి లాగితే, అందులో ఇంజిన్ పొగ కలిసి ఉంటే నీలం రంగు పసుపుకి తిరుగుతుంది. చిక్కేమిటంటే నీ కారుకి ఐడ్లింగ్‌లో ఈ పరీక్ష చేస్తే నీలం నీలంగానే ఉండిపోవచ్చు. బూస్ట్ మీద ఉన్నప్పుడు హెడ్డు వెంట్రుకవాసి లేచి, కాలు తీయగానే మళ్లీ కూర్చుంటుంది. సిలిండర్‌లోకి గాలి ఎక్కించి లీకు చూసే లీక్ డౌన్ టెస్ట్‌దీ అదే కథ. అక్కడ మనం పెట్టేది 7 బార్లు, ఫుల్ బూస్ట్‌లో సిలిండర్ లోపల పుట్టేది 100 బార్లు, అంతకు పైన కూడా. పిల్లి లేనప్పుడు ఎలుకని పలకరించి, భయం లేదటగా అని రాసుకోవడం లాంటిది. గట్టిగా రెండుసార్లు తొక్కి వచ్చి, ఇంజిన్ ఆపకుండా వెంటనే చేస్తేనే ఈ పరీక్షకి ఫలితం. కానీ వేడి రేడియేటర్ మూత తీయకూడదు, మొహానికి కొడుతుంది. వేడి దిగేదాకా ఆగితే పరీక్ష పోతుంది, ఆగకపోతే చెయ్యి కాలుతుంది. నీ ఇంజిన్‌కి మూత దగ్గర కాకుండా కూలెంట్ లైన్‌లో ఒక ప్రెషర్ గేజ్ పెట్టించుకోవడమే సుఖం. కాలు తొక్కినప్పుడల్లా ముల్లు ఎగిరిందా, అనుమానం తీరిపోయినట్టే.

లెక్క కూడా చూద్దాం. నీ 4జీ63 ఇంజిన్ బోరు, అంటే సిలిండర్ వ్యాసం, 85 మిల్లీమీటర్లు. 100 బార్ల ఒత్తిడి ఆ వైశాల్యం మీద పడితే హెడ్డుని పైకి తోసే బలం సుమారు 5.8 టన్నులు. 7000 ఆర్‌పీఎమ్ దగ్గర ఒక్కో సిలిండర్ సెకనుకి 58 సార్లు ఆ దెబ్బ కొడుతుంది. 22 నుంచి 30 పీఎస్ఐకి వెళ్లావంటే, బయటి వాతావరణ ఒత్తిడి కలుపుకుని చూస్తే సుమారు 22 శాతం ఎక్కువ గాలి కుక్కుతున్నావు. ఆ 22 శాతాన్ని ఆ పది బోల్టులు తట్టుకున్నాయి, ఆగస్టు నుంచి నవంబరుదాకా. నాకింగ్ మాత్రం ఈ లెక్కలో ఇమడదు. మంట ఒక పద్ధతిగా పాకకుండా మూలనున్న మిశ్రమం ఒక్కసారిగా పేలితే ఒత్తిడి ఒక్క చోట ఒక్క క్షణం ఎంతకి లేస్తుందో చెప్పలేం. ఎంత ఖరీదు స్టడ్డు వేసినా నాకింగ్‌ని ఆపదు. హెడ్డు లేవనివ్వకుండా పట్టుకుంటే ఆ దెబ్బ పిస్టన్‌కి తగులుతుంది, అంతే తేడా. హెడ్డుకీ బ్లాకుకీ మధ్య ఉండే గ్యాస్కెట్ పోవడం చవక బేరం, పిస్టన్ రింగుల మధ్య గట్టు (రింగు ల్యాండ్) విరగడం కాదు.

(సుబారు వాళ్లతో పోలిస్తే నువ్వు అదృష్టవంతుడివి. వాళ్ల ఈజే25 ఇంజిన్‌కి బోరు 99.5 మిల్లీమీటర్లు. అవే 100 బార్లకి అక్కడ దాదాపు 8 టన్నులు. వాళ్లు బ్లాకులో రంధ్రాలు పెద్దవి చేయించి 14 మిల్లీమీటర్ల స్టడ్లు వేసుకునేది ఊరికే కాదు.)

ఇప్పుడు స్టడ్ల రకానికి వద్దాం. ఇక్కడే చాలామంది డబ్బు తగలేస్తారు. గడ్డిబండికి మోకు బిగించడం చూసి ఉంటావు. మోకు ఎంత లావన్నది తర్వాత, ఎంత లాగి ముడేశారన్నదే గడ్డిని పట్టి ఉంచేది. వదులుగా కట్టిన లావు మోకు కింద కూడా గడ్డి జారుతుంది. స్టడ్డూ అంతే. అది హెడ్డుని పట్టుకునేది దాన్ని మనం సాగదీశాం కాబట్టి. నట్టు బిగించినప్పుడు స్టడ్డు స్ప్రింగులా కొంచెం, అర మిల్లీమీటరు లోపే, సాగుతుంది. వెనక్కి రావాలన్న దాని గుంజులాటే మనకి దొరికే పట్టు.

మామూలు 8740 క్రోమ్ మోలీ స్టడ్డు తెగే బలం 2 లక్షల పీఎస్ఐ దరిదాపు. ఏఆర్‌పీ2000 అయితే 2 లక్షల 20 వేలు. ఎల్19 అయితే 2 లక్షల 60 వేలు. ఈ అంకెలు చూసి ఎల్19 ఎక్కువ గట్టిగా పట్టుకుంటుందనుకుంటారు. కాదు. ఈ మూడూ ఉక్కులే, ఒకే బలంతో లాగితే మూడూ దాదాపు ఒకే అంత సాగుతాయి. ఒకే లావు స్టడ్లని ఒకే అంత సాగేలా బిగిస్తే మూడింటి పట్టూ ఒక్కటే. ఖరీదైనది నీకిచ్చేది ఇంకా ఎక్కువ సాగదీసుకునే చోటు. ఆ చోటు వాడుకోకుండా ఎల్19 కొని మామూలు టార్క్‌కి బిగిస్తే నువ్వు కొన్నది పేరు మాత్రమే.

పైగా ఎల్19కి తేమ పడదు. చెమట చేత్తో పట్టుకుని నూనె రాయకుండా వదిలేసినా, నీళ్లు తగిలినా, కంటికి కనపడని చోట పెళుసెక్కి ఒకరోజు విరుగుతుంది. డ్రాగ్ రేసు కార్లకి, సీజన్‌కోసారి విప్పి చూసుకునేవాళ్లకి అది సరే. ఎయిర్‌పోర్టుకి వెళ్లే కారుకి వద్దు. తేమ భయం లేకుండా అంత బలం కావాలంటే కస్టమ్ ఏజ్ 625 ప్లస్ అని నికెల్ మిశ్రమంతో చేసినవి ఉన్నాయి, ధర చూస్తే నువ్వే వద్దంటావు. 30 పీఎస్ఐకి, సరైన ట్యూన్ ఉంటే, నీ కారుకి మామూలు క్రోమ్ మోలీ సెట్ చాలని నా అభిప్రాయం.

మరి స్టడ్లే ఎందుకు, కొత్త ఫ్యాక్టరీ బోల్టులు చాలవా అంటావా? ఫ్యాక్టరీ బోల్టులు చెడ్డవేం కావు. మిత్సుబిషి పద్ధతి చూడు: 78 న్యూటన్ మీటర్లకి బిగించి, మొత్తం వదులు చేసి, మళ్లీ 20కి తెచ్చి, అక్కణ్నుంచి 90 డిగ్రీలు, ఇంకో 90 డిగ్రీలు తిప్పమంటారు. ఇందులో తెలివి ఉంది. టార్క్ రెంచ్ మీద మనం పెట్టే బలంలో సుమారు సగం బోల్టు తల కింద రాపిడికి, ఇంకో 40 శాతం థ్రెడ్లలో రాపిడికి పోతుంది. బోల్టుని సాగదీసేది మిగిలిన పదో వంతే. థ్రెడ్‌లో కాస్త తుప్పున్నా, నూనె తేడా వచ్చినా ఆ పదో వంతు తారుమారు. కోణం తిప్పితే రాపిడితో పని లేదు, అర చుట్టుకి ఎంత సాగాలో అంత సాగుతుంది. పాత బోల్టు మళ్లీ వాడుకోవచ్చు కూడా, కాండం పొడవు 99.4 మిల్లీమీటర్లు దాటకపోతే. నీ పాత బోల్టులు బయటికొచ్చాక వెర్నియర్ పెట్టి కొలిచి చూడు. సాగాయా లేదా అన్న షాపువాళ్ల మాట అప్పుడే తేలిపోతుంది.

స్టడ్డు లాభం వేరే చోట ఉంది. బోల్టుని బిగించేటప్పుడు అది మెలి తిరుగుతూ సాగుతుంది, పైగా దాని థ్రెడ్లు బ్లాకు ఇనుమునే రుద్దుకుంటూ తిరుగుతాయి. స్టడ్డు చేత్తో బ్లాకులోకి దిగి ఊరుకుంటుంది. పైన సన్నథ్రెడ్ మీద నట్టు మాత్రమే తిరుగుతుంది. మెలి తక్కువ, పట్టు అన్ని చోట్లా ఒకేలా వస్తుంది, నాలుగుసార్లు విప్పి బిగించినా బ్లాకు థ్రెడ్లు అరగవు. స్టడ్డుని బ్లాకులోకి చేత్తోనే దింపాలి. రెండు నట్లు లాక్ చేసి స్పానర్‌తో అడుగుకి బిగించేవాళ్లుంటారు, పక్కనుండి చూసుకో.

ఎంత టార్క్ అని అడిగావు. ఆ అంకె నేను చెప్పను, స్టడ్ల ప్యాకెట్లో వచ్చే కార్డు చూడు. కార్డులో అంకె పక్కనే ఏ గ్రీజుతో అన్నది రాసి ఉంటుంది, అందరూ వదిలేసేది ఆ రెండో మాటనే. ప్యాకెట్లో వచ్చే గ్రీజు జారుడు ఎక్కువ. దానికి రాసిన అంకెని ఇంజిన్ ఆయిల్ పూసి పెడితే పట్టు తక్కువ వస్తుంది. ఆయిల్ అంకెని గ్రీజు మీద పెడితే మోతాదు మించి సాగుతుంది. నట్టు కింద, వాషర్ పైన, థ్రెడ్ల మీద పూయి. వాషర్‌కి హెడ్డు వైపు మాత్రం పూయకు, వాషర్ తిరగకూడదు.

ఈ గ్రీజు గురించి మాట్లాడుతుంటే నాకు ఆటోనగర్ గుర్తొస్తుంది. విజయవాడలో పని నేర్చుకునే రోజుల్లో ఒక డీజిల్ బ్లాకుకి నేనే బోల్టులు దింపాను. బోల్టు రంధ్రం అడుగు మూసి ఉంటుందని తెలుసు, అందులో ఆయిల్ చేరిందని తెలియదు. బిగిస్తుంటే రెంచ్ మీద బలం ముందే వచ్చేసింది. టార్క్ కుదిరింది అనుకున్నాను. నిజానికి బోల్టు కింద ఆయిల్ ఎటూ పోలేక బ్లాకుని లోపల్నించి తోస్తోంది. టక్కుమని సన్న చప్పుడు. మేస్త్రి నా మొహం చూడలేదు, బ్లాకు పక్క గోడ మీద వేలు పెట్టి తడిమాడు. వెంట్రుకంత పగులు. అప్పట్నుంచి ప్రతి రంధ్రంలో థ్రెడ్ చేజర్ తిప్పి, గాలి కొట్టి, గుడ్డ చుట్టిన పుల్ల పెట్టి తీసి, పుల్ల పొడిగా వచ్చాకే బోల్టు ముడతాను. ట్యాప్ వద్దు, అది ఇనుమునే కోసేస్తుంది. చేజర్ మకిలి మాత్రమే తీస్తుంది. షాపువాళ్లని ఈ ఒక్క ప్రశ్న అడుగు, రంధ్రాలు ఎలా శుభ్రం చేస్తారని. జవాబు వినగానే వాళ్ల పని నీకే తెలిసిపోతుంది.

ఒక్కొక్కటిగా మార్చడం గురించి. నీ ఫ్రెండ్ అబద్ధం చెప్పలేదు. గ్యాస్కెట్ బాగున్న కారుకి అలా మార్చినవాళ్లున్నారు, ఏళ్ల తరబడి నడిచినవీ ఉన్నాయి. నీ గ్యాస్కెట్ ఇప్పటికే ఒకసారి ఊపిరి వదిలిందనుకుంటే, ఆ దారిలో మసి పట్టి ఉంటుంది. స్టీల్ పొరల గ్యాస్కెట్ మీద ఆ మసి గీత సిలిండర్ అంచు నుంచి నీళ్ల రంధ్రం వైపు సన్నగా, పెన్సిల్‌తో గీసినట్టు కనపడుతుంది. దాని మీద ఎన్ని టన్నులు మోపినా ఆ దారి పూర్తిగా మూసుకోదు. అదీగాక, పైనుంచి బోల్టు తీసి రంధ్రం శుభ్రం చేయడం కుదరని పని. నా బ్లాకు కథ చదివాక కూడా అదే చేస్తానంటే నీ ఇష్టం.

కాబట్టి వరస ఇది. ఇంధనం కొలిచి, బూస్ట్ 22కి దింపి, మూత మార్చి రెండు వారాలు చూడు. నీళ్లు తన్నడం ఆగిపోతే స్టడ్లకి తొందరేం లేదు, ఇథనాల్ సెన్సార్ పెట్టించుకోవడం మీద ఆ డబ్బు పెట్టు. 22 దగ్గర కూడా తన్నుతుంటే హెడ్డు దించక తప్పదు. దించినప్పుడు స్టడ్లు వెయ్యి, ఎలాగూ కూలీ ఇస్తున్నావు. స్టడ్ల ఖర్చు దాని ముందు ఎంత!

దించాక చేసుకోవాల్సినవి. హెడ్డు అడుగున స్ట్రెయిట్ ఎడ్జ్, ఫీలర్ గేజ్ పెట్టి వంపు కొలిపించు. మిత్సుబిషి ప్రమాణం 0.05 మిల్లీమీటర్లు. పరిమితి 0.2 అని పుస్తకంలో ఉంటుంది గానీ నీ బూస్ట్‌కి నేనైతే 0.05 దాటితే చదును చేయించడానికి (ఫేసింగ్‌కి) పంపుతాను. బ్లాకు పైభాగం కూడా చూడమను, చాలామంది హెడ్డుని మాత్రమే లేత్ షాపుకి పంపి బ్లాకుని స్కాచ్ ప్యాడ్‌తో రుద్ది ఊరుకుంటారు. స్టీల్ గ్యాస్కెట్‌కి నునుపు కావాలి, 50 మైక్రో అంగుళాల ఆర్‌ఏ (గరుకుతనం కొలత) గానీ అంతకంటే నునుపు గానీ. టైమింగ్ బెల్టు, బ్యాలెన్స్ షాఫ్ట్ బెల్టు, వాటర్ పంపు అప్పుడే కొత్తవి వేయించు. 4జీ63లో టైమింగ్ బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకి తగిలి వంగుతాయి.

బోరు సంగతి ఒకటుంది. పట్టు పెరిగేకొద్దీ స్టడ్డు లాగుడికి బోరు పైభాగం కాస్త గుండ్రం తప్పుతుంది. పూర్తి ఇంజిన్ కట్టేవాళ్లు హెడ్డు బదులు టార్క్ ప్లేట్ అనే దిమ్మ బిగించి, అదే స్టడ్లతో అదే టార్క్ పెట్టి హోనింగ్ (బోరు గోడని రుద్ది సరిచేయడం) చేయిస్తారు, అందుకే. నువ్వు బ్లాకు విప్పడం లేదు కాబట్టి, ఇంకాస్త అంటూ కార్డు మీద అంకెకి పది కలపకు. ఆయిల్ తాగడం మొదలుపెడుతుంది.

వాషర్లు పెట్టేటప్పుడు హెడ్డులో ఆయిల్ దిగే రంధ్రాలన్నిట్లో గుడ్డ ముక్కలు కుక్కు. జారిన వాషర్ కోసం ఆయిల్ పాన్ దించిన రోజులు నాకున్నాయి. చేతికి అందేలా ఒక అయస్కాంతం పుల్ల కూడా ఉంచుకో.

ఇక అత్తగారు, మామగారు. బూస్ట్ కంట్రోలర్ ఆఫ్ చేసి, బూస్ట్‌కి హద్దు పెట్టే వేస్ట్‌గేట్ స్ప్రింగ్ మీద వచ్చే బూస్ట్ మాత్రమే వాడుతూ మెల్లగా నడుపు, ఎయిర్‌పోర్టుకి వెళ్లి రావచ్చు. బయల్దేరే ముందు, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, ఓవర్‌ఫ్లో డబ్బా మీద మార్కర్‌తో ఒక గీత పెట్టు. ముందు రోజు ఒకసారి ఊళ్లో తిప్పి, తెల్లారి చల్లారాక చూడు. నీళ్లు గీత దగ్గరే ఉంటే సరే. గీత దాటి పైకి వచ్చినా, డబ్బాలో నీళ్లుండి రేడియేటర్‌లో తగ్గినా మీ ఆవిడ కారు తీసుకెళ్లు. చల్లని ఇంజిన్ మీద బూస్ట్ అసలే వద్దు. అల్యూమినియం హెడ్డు వేడెక్కితే ఉక్కు స్టడ్డు కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది, పట్టు అప్పుడే నిండుగా వస్తుంది. పొద్దున్నే, వెనక సీట్లో మామగారు ఉండగా, హైవే ర్యాంపు మీద చూపించాలనిపిస్తుంది నీకు. టెంపరేచర్ ముల్లు మధ్యకి వచ్చినా సరే, ఆయిల్ వేడెక్కడానికి ఇంకో పది నిమిషాలు పడుతుంది.